కేకు తినిపించి వచ్చాం సరే, వాడు వెళ్ళిపోయేటప్పుడు ఎక్కడున్నాం?

మన ఆఫీసుల్లో ఒక మాడ్యూల్ ఈ టీమ్ నుంచి ఆ టీమ్ కి ఇవ్వాలంటే ఎంత తతంగమో మీకు నేను చెప్పక్కర్లేదు. మూడు వారాల కేటీ, ఓ ఎక్సెల్ షీటు, ఆ షీటుకో ఓనరు, గో లైవ్ అయ్యాక నెల్లాళ్ళు పాత టీమ్ వాళ్ళు ఫోనెత్తాలి. ఇంతా చేసి ఆ మాడ్యూల్ చేసేదేమిటి? నెలకోసారి రెండు రిపోర్టులు ప్రింటు చేస్తుంది.

అదే ఒక పదమూడేళ్ళ పిల్లాణ్ణి హోమ్ నుంచి ఇంటికి పంపాలంటే? ఒక ఆర్డరు కాయితం, ఒక సంతకం, ఒక సంచీ. మధ్యాహ్నం భోజనాల్లోపు అయిపోయింది.

హైదరాబాదు శివార్లలో ఒక హోమ్ కి మూడేళ్ళుగా ఆదివారాలు లెక్కలు చెప్పడానికి వెళ్తున్నాను. పేరు అనవసరం, మంచివాళ్ళే. ఓ ఆదివారం ఏడో తరగతి వాడొకడు కనపడలేదు. అడిగితే "నిన్న వాళ్ళ మేనమామ వచ్చి తీసుకెళ్ళాడు సార్, గురువారమే ఆర్డరొచ్చింది" అన్నారు. సగం చేసిన భిన్నాల లెక్క ఉన్న వాడి నోటుబుక్కు నా చేతిలోనే ఉండిపోయింది. ఆరేళ్ళు అక్కడున్నాడు వాడు. తోటి పిల్లలకి వెళ్ళొస్తానని చెప్పడానికి కూడా టైము దొరకలేదుట, అందరూ బళ్ళో ఉన్నారు.

నాలుగు నెలల తర్వాత మామయ్య ఫోన్ నుంచి చేశాడు. ఊళ్ళో బడికి వెళ్తే టీసీ తెమ్మన్నారు. (టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ సంగతి మామయ్యకి ఎవరు చెప్తారు?) టీసీ పాత బళ్ళో ఉంది. ఆధార్ లో అడ్రసు హోమ్ ది. ప్రస్తుతం పంచరు షాపులో కూర్చుంటున్నాడు. ఇవన్నీ నేను అడిగితే చెప్పాడు. వాడంతట వాడు అడిగింది ఒకటే: "సార్, నేనేం తప్పు చేశానని పంపించేశారు?"

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. పిల్లల్ని ఇంటికి పంపడం తప్పని నేనడం లేదు. హోమ్ అనేది చివరి మార్గంగానే ఉండాలి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పేదీ అదే. నా గొడవ పంపడంతో కాదు, పంపే తీరుతో.

పోనీ స్పెక్ లేదా అంటే భేషుగ్గా ఉంది. 2016 లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఏడో ఫారం చూడండి. ప్రతి పిల్లకీ పిల్లాడికీ విడిగా ఒక ప్లాన్ రాయాలి. పంపడానికి 15 రోజుల ముందు ఒక రిపోర్టు, అందులో వెళ్ళాక చూసుకునే మనిషెవరో ఉండాలి. పంపాక బ్యాంకు అకౌంటు ఏమైంది, బళ్ళో చేర్చారా, ఇంట్లోవాళ్ళు ఎలా చూస్తున్నారు, చుట్టుపక్కల వాళ్ళు ఎలా ఉంటున్నారు, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్ ఉన్నాయా అని వరసగా అడుగుతుంది. రెండు నెలల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఇంకోసారి మళ్ళీ వెళ్ళి చూడమంటుంది. ఎవరో కానీ పిల్లల్ని ఎరిగినవాళ్ళు రాశారు. మన క్లయింటు ఎవడూ ఇంత మంచి స్పెక్ ఇచ్చిన పాపాన పోలేదు!

మరి లోపం ఎక్కడ? ఆ హోమ్ లో ఇవన్నీ చూడాల్సిన మేడమ్ ఒక్కరే. పైవాళ్ళు అడిగేది "ఎంతమందిని పంపారు" అని. "పంపినవాళ్ళు ఎలా ఉన్నారు" అని కాదు. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ మన రెండు రాష్ట్రాలతో కలిపి ఎనిమిది రాష్ట్రాలకి రాసిన లేఖ గుర్తుందా? హోముల్లో పిల్లల్ని వీలైతే 100 రోజుల్లో ఇళ్ళకి చేర్చమని. డెడ్ లైన్ ముందు పెట్టి పని తర్వాత ఆలోచిస్తే ఏమవుతుందో మనకి తెలీదూ! ఆ డిసెంబరులో సుప్రీం కోర్టు, అలా ఇళ్ళకి చేరిన పిల్లల చదువుకి నెలకి 2,000 ఇవ్వమని చెప్పాల్సి వచ్చింది.

పద్దెనిమిది నిండినవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. 46 వ సెక్షన్ ప్రకారం బయటికెళ్ళేటప్పుడు ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు". ఇవ్వాలి కాదు, ఇవ్వవచ్చు. ఇరవయ్యొకటి దాకా, తప్పనిసరైతే ఇరవైమూడు దాకా ఆసరా ఉండొచ్చని నియమాలున్నాయి. నేను బీటెక్ అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా ఎనిమిది నెలలు అమీర్ పేటలో నాన్న డబ్బులతో తిన్నాను. నన్నెవరూ పద్దెనిమిదో పుట్టినరోజు మర్నాడు సంచీ ఇచ్చి గేటు చూపించలేదు.

ఇప్పుడు మన సంగతి. పుట్టినరోజు వస్తే హోమ్ కి వెళ్తాం. కేకు, బిర్యానీ, గ్రూపు ఫోటో, సాయంత్రానికల్లా ఫేస్ బుక్ లో. (ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 74 వ సెక్షన్ ఉందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?) అక్కడికి మనమేదో ఉద్ధరించేసినట్టు! నేనూ ఇందుకు మినహాయింపు కాదు. వాడి చేత నా పుట్టినరోజు కేకు కోయించాను. వాడి ఫైలు ఎంతవరకొచ్చిందని మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు కేకు మానేసి సూపరింటెండెంటు గారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఏడాది ఎవరెవరు వెళ్తున్నారండీ, వాళ్ళకి ఏ కాయితం తక్కువైంది?" టీసీ కోసం తిరగడం, బ్యాంకు అకౌంటు మార్పించడం, 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఉన్న నెలకి 4,000 స్పాన్సర్ షిప్ కి దరఖాస్తు నింపి పెట్టడం... ఇవి మనకి చేతనైన పనులే. సొంత పెత్తనం వద్దు, పిల్లల వెంట మనమే పడొద్దు. హోమ్ ద్వారా, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారానే చెయ్యండి. ముందుగా ఓ శనివారం ఆ మామయ్యని పిలిపించి పిల్లాడితో కూర్చోబెట్టమని అడగండి. ఎందుకు వెళ్తున్నాడో వాడికి చెప్పమనండి. దానికి పైసా ఖర్చు లేదు.

జనం చెయ్యాల్సిన పనా ఇది, ప్రభుత్వానిది కదా అంటారా? నిజమే, ప్రభుత్వానిదే. ఎవరూ అడగని పని ఏ ఆఫీసులో జరిగిందో చెప్పండి, నేను నోరు మూసుకుంటాను.

హోమ్ వాళ్ళతో చెప్పి, విభాగం వాళ్ళని పట్టుకుని తిరిగితే పదకొండు వారాలకి టీసీ వచ్చింది. వాడిప్పుడు మళ్ళీ బడికి వెళ్తున్నాడు, ఒక ఏడాది పోయింది. నోటుబుక్కు పోస్టులో పంపాను. వాడడిగినదానికి మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు.