ఎదురింటి బాల్కనీ ఫ్రేములో వద్దు

అశోక్‌నగర్‌లో రాత్రి పన్నెండంటే పెద్ద రాత్రేం కాదు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు రీడింగ్ రూమ్‌ల నుంచి హాస్టళ్లకు నడుస్తుంటారు. చిక్కడపల్లి వైపు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో వదిలితే మరో గుంపు. మా గేటు ముందున్న బండ్లలో పెట్రోల్ మాయమవుతోందని నాన్న ఫ్లడ్‌లైట్ కెమెరా కొనిపించారు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉంటే ఇలాంటి పనులన్నీ వాడి ఖాతాలోకే కదా!

నిజానికి ఇందులో సాఫ్ట్‌వేర్ పావు వంతే. మేం కొన్నది నేరుగా 230 వోల్టుల కరెంటు మీద నడిచే రకం. ఎలక్ట్రీషియన్ పాత లైటు విప్పి, "తమ్మీ, ఇక్కడ ఎర్త్ వైరే లేదు" అన్నాడు. నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇళ్లలో ఇది చూస్తుంటాం. వానలో తడిసే మెటల్ లైటును ఎర్త్ లేకుండా బిగించొద్దు. కొత్త వైరు లాగించాం. ఎత్తు తొమ్మిది అడుగులు చాలు, ఇంకా పైకి పోతే దొంగ మొహం బదులు నెత్తి కనిపిస్తుంది. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. గోడకు డ్రిల్ పెట్టకముందే అక్కడ ఫోన్‌తో సిగ్నల్ చూసుకోండి.

అసలు చిక్కు ఎదురింటితో. మా సందు ఇరుకు, ఎదురుగా అమ్మాయిల హాస్టల్. స్క్రూలు బిగించకముందే, బట్టలు ఆరేస్తున్న ఒకమ్మాయి అడిగింది: "అన్నా, మా బాల్కనీ కూడా పడుతుందా అందులో?"

లైవ్ వ్యూ ఆమెకే చూపించాను. పడుతోంది, గది తలుపు దాకా.

"సందంతా కనిపిస్తే మంచిదేగా, పోలీసులే పెట్టుకోమంటున్నారు" అన్నారు నాన్న. నిజమే, హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీల్లో జనం చేత కెమెరాలు పెట్టించారు. కానీ అవి చూడాల్సింది రోడ్డును. ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకునే అమ్మాయికీ అది ఉంది.

కెమెరాను కిందికి వంచాం. యాప్‌లో రెండు సెట్టింగులుంటాయి, చాలామంది కలిపేస్తారు. మోషన్ జోన్ అలర్ట్‌లను తగ్గిస్తుందంతే, చుట్టుపక్కల రికార్డవడం ఆపదు. ప్రైవసీ జోన్ మాత్రం ఆ భాగాన్ని నల్లగా మూసేస్తుంది. మోషన్ గేటు వరకే పెట్టి, బాల్కనీని నల్లగా చేశాను. మాటలు రికార్డవకుండా ఆడియో ఆపేశాను. లైటు వెలుగు సగానికి తగ్గించి, ముప్పై సెకన్లకే ఆరిపోయేలా పెట్టాను. తెల్లారి పరీక్ష ఉన్నవాళ్ల కళ్లల్లో మన లైటెందుకు?

నల్ల పెట్టె ఉన్న స్క్రీన్ ఆ అమ్మాయి చూసి తలూపాకే స్క్రూలు బిగించాడు. లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి చేశాను. పాస్‌వర్డ్ నాన్నకూ నాకూ మాత్రమే తెలుసు. "నా ఫోన్‌లో కూడా పెట్టరా, చూస్తుంటా" అన్న బాబాయికి ఇవ్వలేదు. ఆయన ఇంకా అలకలోనే ఉన్నారు.