దెయ్యం నవల అడిగిన పాఠకుడికి

‘మంచి దెయ్యం నవల ఒకటి ఇవ్వండి’ అని అడిగేవారిని మన గ్రంథాలయాల్లో ఇప్పటికీ కాస్త తేలిగ్గానే చూస్తారు. చరిత్ర అడిగితే బీరువా తాళం తీస్తారు, ఆధ్యాత్మికం అడిగితే కుర్చీ చూపిస్తారు, దెయ్యం అడిగితే నవ్వుతారు. ఆ నవ్వు మానాలి. గత పదేళ్లలో ఇంగ్లీషులో వచ్చిన భయానక నవలలు కొన్ని ఎంత గొప్ప సాహిత్యం పక్కనైనా తలెత్తుకు నిలబడతాయి. వాటిని తెప్పించాలి. తెప్పించి అరలో సర్ది ఊరుకోకుండా, తగిన పాఠకుణ్ణి చూసి చేతికివ్వాలి.

ముందుగా చెప్పాల్సింది తననరీవ్ డ్యూ రాసిన ‘ద రిఫార్మేటరీ’ గురించి. 2023లో వచ్చింది, ఆ ఏటి నవలలకిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు అందుకుంది. దీని వెనక నిజంగా జరిగిన ఘోరం ఒకటుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, మరియానా ఊళ్లో 1900 నుంచి 2011 దాకా ప్రభుత్వమే నడిపిన బాల నేరస్థుల బడి ఉండేది. డోజియర్ స్కూల్ అంటారు. దాని శ్మశానంలో పైకి కనబడే సిలువలు 31. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తవ్వి చూస్తే తేలిన సమాధులు 55. అక్కడ 1937లో పదిహేనేళ్ల వయసులో చనిపోయిన రాబర్ట్ స్టీఫెన్స్ డ్యూకు తాత వరస. అలాంటి మనిషి ఒకడుండేవాడన్న సంగతే ఆమెకు తెలియదు. తల్లి పోయాక ఫ్లోరిడా అటార్నీ జనరల్ కార్యాలయం కబురు పెడితే తెలిసింది.

ఆ పేరునే ఆమె తన కథానాయకుడికి పెట్టింది. నవలలో కాలం 1950, ఊరు కల్పితం. అక్క గ్లోరియాను వేధించిన తెల్ల భూస్వామి కొడుకుని పన్నెండేళ్ల రాబీ కాలితో తంతాడు. ఆ ఒక్క తన్నుకి ఆరు నెలల శిక్ష. రాబీకి చచ్చిపోయినవాళ్లు కనబడతారు. బడిలో అడుగు పెట్టగానే, అక్కడ చనిపోయిన పిల్లలంతా కనబడటం మొదలవుతుంది. బడి పెద్ద అయిన వార్డెన్ ఈ సంగతి తెలుసుకుని, ఆ దెయ్యాల్ని పట్టివ్వమని రాబీని పురమాయిస్తాడు. బతికున్న పిల్లాడు చచ్చిపోయిన పిల్లల్ని వేటాడాలి, అదీ వాళ్ల చావులకు జవాబు చెప్పాల్సిన మనిషి కోసం! మొదట్లో దెయ్యం కనబడితే పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. సగానికి వచ్చేసరికి ఆ పిల్ల దెయ్యాలు వస్తే ధైర్యంగా ఉంటుంది, వార్డెన్ బూట్ల చప్పుడు వింటే వణుకు పుడుతుంది. భయం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే ఈ క్రమాన్ని డ్యూ ఎక్కడా తొందరపడకుండా నడిపించింది.

ఇదే బడిని ఆధారం చేసుకుని కోల్సన్ వైట్‌హెడ్ 2019లో ‘ద నికెల్ బాయ్స్’ రాశాడు. దానికి పులిట్జర్ వచ్చింది. అందులో దెయ్యాలు లేవు. అక్కడ జరిగింది చెప్పాలంటే బతికి బయటపడినవాడే చెప్పాలి. డ్యూ నవలలో చనిపోయిన పిల్లాడికీ కోపముంది, కోరికుంది, బేరమాడే తెలివుంది. గ్రంథాలయంలో ఈ రెండు పుస్తకాల్నీ ఒకే అరలో పక్కపక్కన పెట్టాలని మా కోరిక.

దెయ్యం కథలు మూఢనమ్మకాల్ని పెంచుతాయన్న అభ్యంతరం మన దగ్గర పాతదే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పాఠకులు ఎంత ఎగబడ్డారో, విమర్శకులు అంత మండిపడ్డారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు తెలుగు నేల మీద ఉన్నాయి కనుక ఆ అభ్యంతరాన్ని మేం తోసిపుచ్చం. దాన్నే కొలతగా వాడమంటాం. ఏ భయానక నవల చేతికొచ్చినా, ఇది ఎవర్ని చూసి భయపడమంటోంది అని చూడండి. ఊరి చివర ఒంటరి ముసలమ్మను చూసి భయపడమనే కథ వేరు, కొరడా పట్టుకున్న అధికారిని చూసి భయపడమనే కథ వేరు.

ఆ కొలతకు నిలిచేవి ఇంకా ఉన్నాయి. సిల్వియా మొరెనో-గార్సియా ‘మెక్సికన్ గోథిక్’ (2020)లో పాడుబడ్డ బంగళా, దాని గోడల్లో పాకిన బూజు, గనులు తవ్వించి కూలీల ప్రాణాలు తీసిన ఇంగ్లీషు కుటుంబం ఉంటాయి. నెమ్మదిగా నడుస్తుంది కనుక ఈ తరహా కొత్తవారికి ఇదే మేలు. స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ ‘ది ఓన్లీ గుడ్ ఇండియన్స్’ (2020)లో అమెరికా ఆదివాసులైన బ్లాక్‌ఫీట్ తెగ మిత్రులు నలుగురు పెద్దలకు కేటాయించిన అడవిలో దొంగతనంగా వేటాడి, కడుపుతో ఉన్న ఎల్క్ అనే పెద్ద దుప్పిని చంపుతారు. పదేళ్ల తర్వాత అది లెక్క తేల్చుకోవడానికి వస్తుంది. అద్భుతమైన నవల, కానీ నెత్తురెక్కువ. పెంపుడు కుక్కకు జరిగేది చాలామంది తట్టుకోలేరు, ముందే చెప్పి ఇవ్వండి. అర్జెంటీనా సైనిక పాలనలో మాయమైపోయినవారి నీడ మరియానా ఎన్రికెజ్ రచనల నిండా ఉంటుంది. ‘అవర్ షేర్ ఆఫ్ నైట్’ బాగా పెద్ద నవల, ముందు ఆమె కథలతో మొదలుపెట్టించడం నయం.

ఎవరికి ఏది ఇవ్వాలో తెలియాలంటే సిబ్బంది అన్నీ చదివి ఉండనక్కర్లేదు. అమెరికా గ్రంథాలయాల్లో జాయిస్ సారిక్స్ వంటివారు దశాబ్దాలుగా నేర్పుతున్న పద్ధతి ఇదే: కథేమిటో చెప్పడం కన్నా, చదివినవారికి ఏం నచ్చిందో అడగాలి. వేగమా, పాత్రలా, వాతావరణమా? భయానక సాహిత్యానికి బెకీ స్ప్రాట్‌ఫర్డ్ ఈ పద్ధతిని అన్వయించి, గ్రంథాలయ సిబ్బంది కోసమే పుస్తకం రాసింది. ‘మిమ్మల్ని బాగా భయపెట్టిన కథేది? నెత్తురు ఉంటే చదవగలరా? ఆఖర్న కాస్త వెలుగు ఉండాలా?’ కౌంటర్ దగ్గర ఈ మూడు మాటలు అడిగితే సగం పని అయిపోయినట్టే. భయానక రచయితల సంఘమైన హారర్ రైటర్స్ అసోసియేషన్ 2019 నుంచి ఏటా ‘సమ్మర్ స్కేర్స్’ పేరిట పెద్దలకు, యువకులకు, బడి పిల్లలకు మూడేసి పుస్తకాల జాబితా ఇస్తోంది. మన సిబ్బందీ దాన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు.

పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త. ‘రిఫార్మేటరీ’లో కథానాయకుడు పన్నెండేళ్లవాడైనా అది పన్నెండేళ్లవారి పుస్తకం కాదు. ఆ వయసు వారికి కేథరిన్ ఆర్డెన్ ‘స్మాల్ స్పేసెస్’ (2018) ఇవ్వండి. తల్లిని పోగొట్టుకున్న ఆలీ, దారిలో ఆగిపోయిన స్కూలు బస్సు, పొలాల్లో దిష్టిబొమ్మలు. బాగా భయపెడుతుంది, ఏడిపిస్తుంది కూడా.

ఇవేవీ మీ ఊరి శాఖా గ్రంథాలయంలో లేకపోతే అడగండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నవారు మీరే. సూచనల పుస్తకంలో రచయిత పేరు, నవల పేరు, సంవత్సరం రాసి సంతకం పెట్టండి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పాఠకులకు ఈ పని ఇంకా తేలిక, అక్కడి గ్రంథాలయాల్లో ఇవి చాలావరకు దొరుకుతాయి, లేకుంటే కోరితే కొంటారు. తెలుగు ప్రచురణకర్తలు అనువాద హక్కుల కోసం బయల్దేరితే మాత్రం ‘రిఫార్మేటరీ’తోనే మొదలుపెట్టమని మా విన్నపం.