హైమాలో రెండున్నర గంటలు

సలాలా నుంచి మస్కట్‌కి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. జనవరిలో ఆఫీసు పని మీద కారులో వెళ్ళి తిరిగొస్తూ, ఆ రాత్రికి సగం దారిలో ఉన్న హైమాలో పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటి నుంచి ఫోను. పాపకి పిల్లికూతలు మొదలయ్యాయట. చలికాలంలో షమాల్ గాలి ఎడారి దుమ్ముని మోసుకొచ్చినప్పుడల్లా దానికిదే తంతు. "ఇన్‌హేలర్ ఇచ్చాను, కాస్త నెమ్మదించింది, కంగారు పడకండి" అంది మా ఆవిడ. ఆ మాట అన్నాక కంగారు పడకుండా ఎవరుంటారు? ఐదు నిమిషాల్లో గది ఖాళీ చేసి కారెక్కాను.

పెట్రోలు బంకు చివరిదాకా వచ్చేసరికి ఎదురుగా రోడ్డు లేదు. బానెట్ అంచు కూడా లీలగా కనిపిస్తోంది. హై బీమ్ వేస్తే కళ్ళముందు తెల్లగోడ లేచింది. మంచుబిందువులు ఆ వెలుగుని మన కళ్ళలోకే తిప్పికొడతాయి, డిప్ లైట్లూ కింద ఉండే ఫాగ్ లైట్లూ కాస్త నయం. ఇంజనీరింగ్ చదివినవాడిని, ఆ మాత్రం తెలుసు. తెలిసే వేశాను.

అద్దం దించి ఫోన్లో మా ఆవిడకి "బయల్దేరా" అని చెప్తుంటే, పక్కన ఆపి ఉన్న ట్రైలర్ దగ్గర్నుంచి ఒకాయన వచ్చాడు.

"తమ్మీ, ఏడికి పోతున్నవ్ గీ దబాబ్‌ల?"

జగిత్యాల ఆయన. పొగమంచుని ఇక్కడ అరబ్బీలో దబాబ్ అంటారు, ఆయన నోట్లో అది తెలుగైపోయింది. పాప సంగతి చెప్పి, "హజార్డ్ లైట్లు వేసుకుని మెల్లగా పోతానన్నా" అన్నాను.

"నువ్వు మెల్లగనే పోతవ్. నీ యెనుకొచ్చెటోడు పోవాలె గద! నా బండి నలభై టన్నులు. బ్రేక్ కొడితె యాడ ఆగుతదో నాకే తెల్వది. నువ్వు హజార్డ్ లైట్లు కొట్టుకుంట పోతాంటె, ఆగినవో నడుస్తున్నవో యెనుకటోనికి ఎట్ల తెలుస్తది?"

కారు వెనక్కి తీసి, కాఫెటీరియాలో కరక్ చాయ్ ముందు కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు లెక్కలొస్తాయి. గంటకి 120 కిలోమీటర్లంటే సెకనుకి 33 మీటర్లు. కాలు బ్రేకు మీదకి పోయేలోపే, సెకనున్నర అనుకున్నా, 50 మీటర్లు. కారు ఆగడానికి ఇంకో 80. అదే 60లో పోతే మొత్తం కలిపి 45. బయట కనిపిస్తున్నది ముప్ఫై మీటర్లు ఉంటే గొప్ప. అంటే 60 కూడా ఎక్కువే. నేను 100లో పోదామనుకున్నవాణ్ణి. 2008 మార్చి 11 ఉదయం అబుదాబి–దుబాయ్ రోడ్డు మీద గంతూత్ దగ్గర ఇలాంటి మంచులోనే సుమారు 200 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, కొన్ని తగలబడ్డాయి కూడా.

ఇక్కడ దీనికి తోడు ఒంటెలు. కాళ్ళు పొడుగు కదా, బంపర్ తగిలేది కాళ్ళకి. ఒళ్ళు మొత్తం వచ్చి అద్దం మీద పడుతుంది.

"దారిల చిక్కుకుంటె?" అనడిగాను, ఆయన యాసలోనే.

"రోడ్డు పక్కకు లైట్లేసుకోని కూసోకు. నీ లైట్లు సూసి అదే దారనుకోని వస్తరు. బంకు గాని, పార్కింగ్ గాని దొరికెదాక మెల్లగ పో. బండి ఆగిపోయిందా, దిగి దూరం పోయి నిలవడు. లోపట కూసోకు."

ఎడారిలో మంచేమిటని మొదట్లో నాకూ వింతే. అరేబియా సముద్రం మీది తేమ పగలు గాలితో లోపలికొస్తుంది. రాత్రి ఆకాశంలో మబ్బుండదు, నేల గబగబా చల్లబడుతుంది. తెల్లారేసరికి ఇదిగో. హైమా చుట్టూ ఉన్న జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో చెట్టూచేమా బతికేది చాలావరకు ఈ తడి మీదే. అడవిలో 1972కల్లా లేకుండా పోయిన అరేబియన్ ఓరిక్స్ జింకల్ని 1982లో మళ్ళీ వదిలింది ఈ మైదానంలోనే. వాటికి ప్రాణం పోసే మంచుని ఆ ఉదయం నేను తిట్టని తిట్టు లేదు.

ఐదున్నరకి ధైర్యం చేసి ఇంటికి ఫోన్ చేశాను. ఇంకా హైమాలోనే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు, చివరికి చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు.

"మంచిపని చేశారు. అంత హడావిడిగా వచ్చి మీరిక్కడ చేసేదేముంది? కిటికీలన్నీ మూశాను. కూర్చోబెట్టే నిద్రపుచ్చాను. మాట తడబడినా, డొక్కలు ఎగరేసినా పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్తా."

నిజమే, చేసేదేమీ లేదు. ఇలాంటి చల్లటి ఉదయాల్లో గాలి పైకి లేవదు, దుమ్మూ పొగా నేలబారునే ఉండిపోతాయి. ఢిల్లీ వాళ్ళకి చలికాలమంతా ఇదే గొడవ. ఎండెక్కేదాకా పిల్లల్ని బయటికి పంపకపోవడం, తప్పకపోతే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టడం. గుడ్డ మాస్కు సన్నటి దుమ్ముని ఆపదు. మా ఆవిడకి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు.

ఏడయ్యాక ముందు విద్యుత్ స్తంభాల తలలు బయటపడ్డాయి, తర్వాత నడుములు. ట్రైలరన్న నా కారు చుట్టూ ఓసారి తిరిగి, వెనక అద్దం మీది తడిని తన తువ్వాలుతో తుడిచాడు.

"ఇగ పో. ఎనభై దాటకు."

కొంతదూరం దాటలేదు. ఆదమ్ చేరేసరికి నూట ఇరవైలో ఉన్నానని ఇక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చేసరికి పాప ఉప్మాలో జీడిపప్పులు ఏరుకుంటోంది.