పిల్లి అందరికీ తెలుసు, గీసినవాడు?

న్యాన్ క్యాట్ తెలియనివాళ్లు మన కాలేజీలో ఉండరనుకుంటా. పాప్ టార్ట్ ఒళ్లు, బూడిద రంగు పిల్లి తల, వెనకాల ఇంద్రధనుస్సు, ఆగకుండా "న్యా న్యా" అనే పాట. దాన్ని గీసిందెవరు అని మా క్లాసులో పదిమందిని అడిగా. ఒక్కరూ చెప్పలేదు. మొన్నటిదాకా నాకూ తెలీదులెండి.

ఆయన పేరు క్రిస్ టోరెస్, అమెరికన్. రెడ్ క్రాస్ విరాళాల కోసం జనం అడిగిన బొమ్మలు గీస్తుంటే ఒకరు పాప్ టార్ట్ అన్నారు, ఇంకొకరు పిల్లి అన్నారు. రెండూ కలిపేశాడు. ఇంట్లో ఉన్న తన పిల్లి మార్టీయే దానికి మోడల్. 2011 ఏప్రిల్ 2న దాన్ని కదిలే జిఫ్‌గా నెట్‌లో పెట్టాడు. అందులో పాట లేదు! మూడు రోజుల తర్వాత వేరే ఎవరో దానికి పాట తగిలించి యూట్యూబ్‌లో పెట్టారు. ఆ పాట డానివెల్ అనే జపాన్ సంగీతకారుడిది, 2010లోనే వచ్చింది. పాడింది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్ గొంతు.

అంటే బొమ్మ ఒకరిది, పాట ఒకరిది, కలిపింది మూడోవాళ్లు. ఆ మూడో చెయ్యి పడ్డాకే పిల్లి ప్రపంచమంతా తిరిగింది.

అందుకే నా ఉద్దేశంలో, యానిమేషన్ మీమ్ అవ్వాలంటే జోక్ బాగుంటే చాలదు. అందులో ఖాళీ ఉండాలి. జిఫ్ 1987లో వచ్చిన ఫార్మాట్. ఫ్రేమ్‌కి 256 రంగులే, సౌండ్ అసలు ఉండదు. ఆ లోటే లాభమైంది. ఎవరి పాట వాళ్లు పెట్టుకున్నారు, ఎవరి టోపీ వాళ్లు తొడిగారు. భాష లేదు కాబట్టి టోక్యోలోనూ తెనాలిలోనూ ఒకటే నవ్వు.

కానీ ఆ ఖాళీలోంచే ఒకటి జారిపోతుంది, గీసినవాడి పేరు. మన తెలుగు మీమ్స్ ఎక్కువగా సినిమా ముక్కలే. బ్రహ్మానందం గారి ఫొటో ఎంత క్రాప్ చేసినా ఆయన ముఖమే ఆయన సంతకం. యానిమేషన్‌లో ముఖం బొమ్మది. గీసినవాడు మూలన రాసుకున్న రెండక్షరాలు పోతే వాడే పోయినట్టు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన సెమ్‌లో నా రూమ్మేట్ రెండు రాత్రులు కూర్చుని ఫోన్‌లో వేలితో ఆరు సెకన్ల యానిమేషన్ గీశాడు. మెస్ ఇడ్లీ చేతిలోంచి జారి కింద పడుతుంది. ఫ్లోర్ టైల్ పగులుతుంది, ఇడ్లీకి ఏమీ కాదు. నేను స్టేటస్‌లో పెట్టా. స్క్రీన్‌కి నిండుగా రావాలని అంచులు క్రాప్ చేశా. ఆ అంచులోనే వాడి పేరుంది. వారంలో అది వేరే కాలేజీ నుంచి మా గ్రూప్‌కే తిరిగొచ్చింది, మీద ఏదో పేజీ లోగోతో. నేను సారీ చెప్తే "పోనీలే రా, నవ్వారుగా" అన్నాడు. తర్వాత మళ్లీ ఏమీ గీయలేదు.

"మీమ్ అంటేనే అందరిదీ, పేరెందుకు బ్రో?" అంటారు కొందరు. టోరెస్ కథే జవాబు. తన పిల్లిని అడక్కుండా ఒక వీడియో గేమ్‌లో వాడారని 2013లో కోర్టుకెళ్లాడు, చివరికి రాజీ కుదిరింది. 2021లో అదే పిల్లిని ఎన్‌ఎఫ్‌టీగా పెడితే 300 ఈథర్ పలికింది. అప్పటి లెక్కలో దాదాపు 5,90,000 డాలర్లు. పిల్లి తనదని చూపించుకోగలిగాడు కాబట్టే అదంతా జరిగింది. ఆయన కోర్టుకెళ్లినంత మాత్రాన జనం పిల్లిని రీమిక్స్ చెయ్యడం మానలేదు కూడా. పేరుంటే మీమ్ ఆగదు, పేరు లేకపోతే గీసేవాడు ఆగిపోతాడు.

నా రూమ్మేట్‌కి ఈథర్ అక్కర్లేదు. మూలన రెండక్షరాలు చాలు. మీ ఫోన్‌లో ఆ ఇడ్లీ ఉంటే డిలీట్ చెయ్యకండి. కింద వాడి పేరు రాసి ఇంకోసారి ఫార్వర్డ్ చెయ్యండి. పేరేంటో నన్నడగండి, చెప్తా.