ఉద్యోగ నియామకాలలో పూర్వాపరాల విచారణ

ప్రభుత్వ ఉద్యోగమునకు ఎంపికైన అభ్యర్థి నడవడిని, గత చరిత్రను పరిశీలించుటను పూర్వాపరాల విచారణ అంటారు. వాడుకలో దీనిని పోలీసు వెరిఫికేషన్ అంటారు. పోలీసు, సైన్యము, బ్యాంకుల వంటి నమ్మకముతో ముడిపడిన కొలువులలో దీనికి ప్రాధాన్యము ఎక్కువ. మత్తుపదార్థముల కేసులు, తీర్చని అప్పులు ఇందులో అడ్డుగా నిలువవచ్చును. కానీ నియమములు ఈ రెండింటినీ ఒకే విధముగా చూడవు. అనంతపురం జిల్లాలోని తాడిపత్రి వంటి కరవు ప్రాంతపు యువతకు ఈ తేడా తెలియుట అవసరము.

విచారణ పద్ధతి

అభ్యర్థి అటెస్టేషన్ ఫారములో తన అరెస్టులు, కేసులు, శిక్షల వివరాలు వ్రాయవలెను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమై మార్గదర్శకాలను ఇచ్చినది. వాటి ప్రకారము చిన్న వయసులో జరిగిన స్వల్ప నేరమును దాచినా నియామక అధికారి విచక్షణతో మన్నించవచ్చును; తీవ్ర నేరమును దాచినచో నియామకమును రద్దు చేయవచ్చును. ఉన్నది ఉన్నట్లు చెప్పినంత మాత్రాన ఉద్యోగము ఇచ్చి తీరవలెనని కూడా లేదు.

మత్తుపదార్థాలు

1985 నాటి మాదక ద్రవ్యాల చట్టము 27వ సెక్షను ప్రకారము గంజాయి సేవించుట నేరము. దీనికి 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. కొకైన్, హెరాయిన్ వంటి వాటికి శిక్ష ఇంకా ఎక్కువ. వ్యసనపరుడు తనంత తానుగా ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చికిత్స పొందినచో, 64ఎ సెక్షను క్రింద ఈ కేసు నుండి మినహాయింపు కలదు. చికిత్స పూర్తిచేయనిచో ఆ మినహాయింపును ఉపసంహరింపవచ్చును.

అప్పులు

బ్యాంకు రుణము, క్రెడిట్ కార్డు బాకీల చెల్లింపు చరిత్ర సిబిల్ వంటి సంస్థల నివేదికలలో నమోదగును. బాకీల ఎగవేత నమోదైనవారు అర్హులు కారను నిబంధన ఆధారముగా స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకమును రద్దు చేయగా, 2025లో మద్రాసు హైకోర్టు దానిని సమర్థించినది. అప్పులు తీర్చివేశానన్న వాదన అతనిని కాపాడలేదు.

ఇప్పటికే కొలువులో ఉన్నవారి విషయము వేరు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 17వ నియమము, ఉద్యోగి అలవాటుగా అప్పులపాలు కారాదని చెప్పుచున్నది. అయితే ఆ అప్పు దుబారా వలన కాక, తన చేతిలో లేని పరిస్థితుల వలన కలిగినదని నిరూపించుకొనుటకు అవకాశమున్నది. అమెరికాలో 2017 నుండి అమలులోనున్న భద్రతా అనుమతి మార్గదర్శకాలు కూడా ఉద్యోగము పోవుట, అనారోగ్యము వంటి కారణాలను, అప్పు తీర్చుటకు చేసిన నిజాయితీ ప్రయత్నమును లెక్కలోనికి తీసుకొనును.

కరవు ప్రాంతములో పరిస్థితి

అనంతపురం జిల్లా సగటు వర్షపాతము ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ ఎండినా, బోరు పడకున్నా అప్పు మిగులును. తండ్రి పేరనున్న పంట రుణము కుమారుని నివేదికలో చేరదు. సహరుణగ్రహీతగా గాని, హామీదారుగా గాని సంతకము చేసినచో చేరును. చదువు కొరకు తీసుకొన్న బ్యాంకు రుణము విద్యార్థి పేరనే ఉండును. వడ్డీ వ్యాపారి వద్ద చేసిన అప్పు ఈ నివేదికలలో కనిపించదు. కావున బ్యాంకును నమ్ముకొన్న పేద విద్యార్థియే ఈ నిబంధనకు ముందుగా చిక్కును. ఉద్యోగికి ఇచ్చిన సంజాయిషీ అవకాశము అభ్యర్థికి కూడా ఇచ్చినచో, కరవు వలన కలిగిన బాకీని ఉద్దేశపూర్వకమైన ఎగవేత నుండి వేరుచేసి చూడగలుగుదురు.