మరమ్మతు వేరు, మార్పు వేరు

మరమ్మతు అన్న మాట అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మన ఇంటి మాటగా స్థిరపడినది. చెడిన వస్తువును మునుపటివలె నిలబెట్టుటయే దాని భావం. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల షెడ్లలో పాత బండ్లను తెచ్చి తమ అభిరుచి మేరకు రూపు మార్చే యువకులు, వారిలో మన పూర్వ విద్యార్థులు కూడా, ఆ పనిని సైతం మరమ్మతు అనే పిలుస్తున్నారు. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించకపోతే మన పారిశ్రామిక చరిత్రలో కొన్ని పుటలు చిరిగిపోగలవని నా అభిప్రాయం.

బాదల్ అనే బండిని తీసుకుందాం. బాదల్ అంటే మేఘమని ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. బెంగుళూరులోని సన్‌రైజ్ సంస్థ 1970 దశకంలో దానిని నిర్మించింది. ముందు ఒక చక్రం, వెనుక రెండు. వెనుక భాగంలోనే 198 సి.సి. ఇంజను, పైన ఫైబర్‌గ్లాస్ దేహం. పేరుకు కారు, ప్రాణం మాత్రం స్కూటరుది! ఇంగ్లండులో రిలయంట్ సంస్థ ఇటువంటి తేలిక బండ్లను దశాబ్దాల పాటు తయారుచేసింది; అక్కడ వాటిని నడుపుటకు మోటారుసైకిలు లైసెన్సు చాలేది. ఉక్కు రేకును అచ్చొత్తే భారీ ప్రెస్సులు కొనలేని చిన్న సంస్థలకు ఫైబర్‌గ్లాస్ వరమైనది. ఒక అచ్చు, గాజునార చాప, పాలియెస్టర్ రెసిన్, పని తెలిసిన చేతులు ఉంటే చాలును.

ఆ చేతులు మన ప్రాంతానికి కొత్త కాదు. పటాన్‌చెరులో పుష్పక్ స్కూటరును తయారుచేసిన ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ నేడు లేదు గాని, బండి పని తెలిసినవారు ఉన్నారు. రసాయన కర్మాగారాలలో ఆమ్లాలను తట్టుకొనే తొట్లను, గొట్టాలను ఫైబర్‌గ్లాస్‌తోనే చేస్తారు. కావున పనితనానికి లోటు లేదు. లోటు ఎక్కడున్నదంటే, ఆ పదార్థపు స్వభావాన్ని గౌరవించుటలో.

ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. ఆ సుగుణమే కొనేవానిని మోసగిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్లు, నిగనిగలాడే దేహం క్రింద ఉక్కు చట్రం తిని పోయి ఉండవచ్చు. రంగు కంటే ముందు చూడవలసినది చట్రాన్ని. దేహంలో పగుళ్లు తరచు బోల్టు రంధ్రాల వద్ద మొదలవుతవి. పైన పుట్టీ పూసి రంగు కొడితే కొద్ది నెలలలో అదే చోట మళ్లీ పగులుతుంది. లోపలి వైపు ఏటవాలుగా అరగదీసి, గాజునార పొరలను రెసిన్‌తో ఒకదానిపై ఒకటి పరచవలెను. గట్టిపరచే ద్రావకం నూటికి ఒకటి రెండు పాళ్లు చాలును; త్వరపడి ఎక్కువ పోస్తే వేడెక్కి చిట్లుతుంది. గాజు ధూళి, రెసిన్ ఆవిరి ఊపిరికి హాని. ముఖానికి చేతిరుమాలు కట్టుకొని పని చేయుట శౌర్యం కాదు. తగిన మాస్కు ధరించవలెను.

ఇక మార్పు సంగతి. ముందు ఒకే చక్రం గల బండి మలుపులో బ్రేకు వేయగానే ఒక ప్రక్కకు ఒరుగుతుంది. అట్టి బండికి పైకప్పు మీద బరువు పెంచి, పెద్ద ఇంజను బిగించుట అందం పేరిట ప్రమాదాన్ని కొని తెచ్చుకొనుటయే.

“బండి నాది, ఇష్టం నాది” అనే వాదం లేకపోలేదు. ఇంజను పోయి, సగం దేహమే మిగిలిన బండికి కొత్త రూపమిస్తే నేను తప్పు పట్టను. విడిభాగం దొరకనప్పుడు ఆటోరిక్షా భాగాన్ని వాడక తప్పదు. కాని తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు శిథిలమైన చోట తన ఊహాపాఠాన్ని చేర్చినప్పుడు, అది తనదని పుట అడుగున తెలుపుతాడు. తెలుపకుండా చేర్చినది ప్రక్షిప్తం. బండికి మాత్రం వేరే నీతి ఎందుకు? విప్పక ముందు ఫోటోలు తీసి, తీసిన భాగాలను దాచి, ఏది పాతదో ఏది తనదో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచవలెను.

ఇంత శ్రమపడినవానికి చట్టం చేసే మేలేమి? 2019లో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని తీర్పు చెప్పినది. అది సబబే. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం, 50 ఏండ్లు దాటి మూల రూపంలో ఉన్న పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించింది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అయితే ఆ నిబంధన పేర్కొన్నది ద్విచక్ర వాహనాలను, నాలుగు చక్రాల వాహనాలను మాత్రమే. మూడు చక్రాల బండి ఊసే లేదు! 1970 దశకం మధ్యలో రోడ్డెక్కిన బండ్లకు ఇప్పుడిప్పుడే 50 ఏండ్లు నిండుతున్నవి. యథాతథంగా కాపాడినవానికి గుర్తింపు లేనప్పుడు, అతడు దానిని ఇనుప సామాను కొట్టుకు అమ్మినా, గుర్తుపట్టలేనంతగా మార్చినా మనం అడ్డు చెప్పగలమా?

కిరాయికి తిరిగే ఆటోలను ఈ జాబితాలో చేర్చమని నేను కోరుట లేదు. సొంత వాడకానికి నిర్మితమైన మూడు చక్రాల బండ్లను చేర్చితే చాలును. కళాశాల కమిటీ పెద్దలు ఈ మేరకు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖకు ఒక వినతిపత్రం పంపితే, ముసాయిదా తెలుగులో వ్రాసిపెట్టే బాధ్యత నాది.