గృహయంత్ర విషయములు: జీపు వణకు



గత మాసమున కుట్టుయంత్రమున దారము మాటిమాటికి తెగుటనుగూర్చి వ్రాసితిమి. దానిని చదివిన యొక సోదరి యీ విధముగా జాబు వ్రాసినారు: “మా యింటి జీపు పల్లెదారులయందును గుంతలయందును సుఖముగనే నడచును. పెద్ద రహదారి యెక్కి 80 కిలోమీటర్ల వేగము దాటినంతనే వణకసాగును. ముగ్గురు మేస్త్రీలు చూచిరి, సామానులు మార్చిరి. వణకు మాత్రము మారలేదు. దారము సంగతి చెప్పిన మీరు దీని సంగతి చెప్పలేరా?”

చెప్పగలము. మేమును ఇట్టి వణకుతో నాలుగు మాసములు కాపురము చేసినవారమే.

మా మరిదికి రంపచోడవరము దాపున కొండపల్లెలలో ఉద్యోగము. వానకాలమున వాగులు దాటవలసియుండును గనుక, నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు జీపును కొంటిమి. వారమంతయు అది కొండలలో బురద ద్రొక్కును. నెలకొక పర్యాయము, వెన్నునొప్పితో బాధపడు మా అత్తగారిని అందులోనే కూర్చుండబెట్టుకొని, రాజమహేంద్రవరమునుండి విశాఖపట్టణపు వైద్యునికడకు మేమే నడుపుకొని పోవుచుందుము. సుమారు 190 కిలోమీటర్ల దారి. ఆషాఢమున పోయినప్పుడు, జగ్గంపేట దాటి వేగము హెచ్చించినంతనే చేతిలోని స్టీరింగు వణకనారంభించెను. తుని చేరునప్పటికి మా వ్రేళ్లు తిమ్మిరెక్కినవి. వెనుక సీటున అత్తగారు పెదవి బిగబట్టి కూర్చుండిరి. వెన్ను చూపించుకొనబోవుచు దారిలో వెన్ను విరుగగొట్టుకొనుట యెక్కడి న్యాయము?

తిరిగి వచ్చిన మరునాడే మరమ్మతులు మొదలైనవి. మొదటి షెడ్డువారు చక్రములను యంత్రముపై త్రిప్పి తూకము సరిచేసిరి. రెండవవారు ముందు టైర్లు రెండును క్రొత్తవి వేయించిరి. మూడవవారు షాక్ అబ్సార్బర్లు మార్చిరి. ప్రతి పర్యాయమును కొన్ని దినములు తగ్గినట్లుండి మరల మొదలగుచుండెను. నాలుగవ యతడు బండిని పరికింపకయే “అమ్మగారూ, ఈ జాతి బండ్లన్నియు నింతే. ఆడవారికి కొంచెము హెచ్చుగా తోచును” అనెను. అతనికి కాఫీ యిచ్చి పంపితిమి, పని యియ్యలేదు.

చక్రము వణకుటకు మూలమేమో మనకు తెలియనిది కాదు. బట్టలుతుకు యంత్రము నీరు పిండునప్పుడు తడిసిన దుప్పటి యొకవైపునకు చేరినచో యంత్రమంతయు గంతులు వేయును గదా! ఇక్కడను అంతే. 90 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 25 మీటర్లు పోవును. మా జీపు టైరు చుట్టుకొలత ఇంచుమించు 2.4 మీటర్లు, అనగా చక్రము సెకనుకు పదిమార్లు తిరుగును. 16 అంగుళముల రిమ్ము లోపల 60 గ్రాముల బురద యెండి పట్టుకొన్నదనుకొనుడు. నిలిచియున్నప్పుడు లెక్కకు రాని యా పెడ్డ, ఆ వేగమున ఐదు కిలోల బరువంత బలముతో చక్రమును చుట్టు చుట్టునకును గుంజును. వేగము సగమైనచో ఈ బలము సగము కాదు, నాలుగవ వంతగును. కావుననే ఊరి వీథులలో తెలియని వణకు రహదారిపై తెలియుచున్నది.

ఒక ఆదివారము చక్రములు విప్పించి చూచితిమి. లోపలివైపున కొండమట్టి పిడకవలె పట్టియున్నది. మొదటి షెడ్డువారు మట్టితోనే తూచి, దానికి సరిగా సీసపు ముక్కలు తగిలించియుండిరి. పిమ్మట మట్టి కొంత రాలిపోగా ఆ సీసమే దోషమైనది. మరిది ప్రతివారమును క్రొత్త మట్టి తెచ్చుచునే యుండెను. గీకి, కడిగి, ఆరిన పిమ్మట మరల తూకము వేయించితిమి. స్టీరింగు వణకు పోయినది. తూకము సరియైనను టైరు గుండ్రముగా లేనిచో వణకు పోదని ఇచటనే చెప్పవలయును. చక్రమును నేలనుండి యెత్తించి, చెంతనొక ఇటుకపై పుల్లను కదలకుండ నిలిపి, మెల్లగా త్రిప్పి చూచినచో ఎగుడుదిగుడు కంటికే తెలియును. మాసములకొలది ఒకేచోట నిలిపిన బండి టైర్లకు ఈ దోషము వచ్చుట కలదు.

ఆశ్వయుజమున సంతోషముతో విశాఖకు బయలుదేరితిమి. అన్నవరము కొండ కనబడునప్పటికి “ఇక వణకు లేదు గదా, అత్తయ్యా?” యని యడిగితిమి.

“నీ చేతుల వణకు సంగతి నేనెరుగను, అమ్మాయీ. నా పాదముల క్రింద మాత్రము ఆషాఢమునుండి తంబురా మోగుచునే యున్నది. నన్నెవరడిగిరి?” అనిరి.

నిజమే. మేస్త్రీలందరును నడుపువారి చేతులనుగూర్చి విచారించిరేగాని వెనుక కూర్చున్న ముసలమ్మగారి నెవరును అడుగలేదు. మేమును అడుగలేదు.

మరుసటి ఆదివారము మరిదిని నడుపుమని, మేము వెనుక సీటున చెప్పులు విడిచి కూర్చుంటిమి. సెకనుకు పది దెబ్బలైనచో శరీరమునకు ఊపువలె తోచును. ఇది ఊపు కాదు, నాదము. అనగా చక్రమునకన్న మిక్కిలి వేగముగా తిరుగునదేదో మోగుచున్నది. ఇంజనా? అదే 90 వేగమున ఐదవ గేరునుండి నాలుగవ గేరునకు మార్పించితిమి. ఇంజను చుట్లు పెరిగినవి. పాదముల క్రింది నాదము మాత్రము శ్రుతి మార్చుకొనలేదు. కావున ఇంజను కాదు. ఇక మా అనుమానమంతయు గేరుపెట్టె వెనుకనుండి వెనుక ఇరుసునకు బలమును గొనిపోవు షాఫ్టుపై నిలిచినది. మా బండిలో చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి అది ఇంచుమించు నాలుగు చుట్లు తిరుగును.

ఇంటికి వచ్చి పద్దుల పుస్తకము తిరుగవేసితిమి. జ్యేష్ఠమున విశాఖకు పోయివచ్చినప్పుడు ఏ ఫిర్యాదును లేదు. ఆ ప్రయాణమైన పదవనాడు ‘జీపు షాఫ్టు క్రాసులు మార్చుట’ అని మా చేతివ్రాతయే యున్నది. ఉప్పుపప్పుల లెక్కల నడుమ ఆ దోషము తేదీతో సహా కూర్చుండియున్నది!

ఈ క్రాసు విచిత్రమైన కీలు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు పేరును దీనికి కలవు. రెండు ఇనుప పంగల నడుమ కూడిక గుర్తువంటి ముక్క యుండుటచే షాఫ్టు వంపులోను తిరుగగలదు. కాని అట్లు తిరుగునప్పుడు ప్రతి చుట్టునందును రెండుమార్లు త్వరపడి, రెండుమార్లు మందగించును. అందుకే రెండవ కొనయందు మరియొక క్రాసు నుంతురు. మొదటిది త్వరపడినంత రెండవది మందగించి లెక్క సరిపుచ్చును. ఇందుకు షాఫ్టు రెండు కొనల పంగలును ఒకే వరుసలో నుండవలయును. రెండు క్రాసుల వంపులును సమానముగా నుండవలయును. ఇరుసు పైకి క్రిందికి ఆడుటకు వీలుగా షాఫ్టును రెండు ముక్కలుగా చేసి, పండ్లతో ఒకదానిలో నొకటి జారునట్లు అమర్చియుందురు. విప్పినవారు గుర్తు చూడక, పండ్లు తప్పించి బిగించినచో పంగల వరుస తప్పును. మా జీపునకు సరిగా ఇదియే జరిగినది. 90 వేగమున సెకనుకు 40 చుట్లు, చుట్టునకు రెండు కుదుపులు, వెరసి 80. అదియే అత్తగారి తంబురా!

ఒక వృద్ధ మేస్త్రీ బండి క్రింద పరుండి చూచి, నవ్వి, షాఫ్టుపైనున్న రెండు బాణపు గుర్తులను దీపముపట్టి మాకు చూపెను. విప్పి, గుర్తునకు గుర్తు కలిపి బిగించుటకు ముప్పావు గంట పట్టెను. క్రొత్త సామాను ఒక్కటియు అక్కరలేకపోయెను. కార్తికమున అత్తగారు తునిలో దిగుమాట యెత్తక విశాఖదాక నిద్రపోయిరి.

ఇక జాబు వ్రాసిన సోదరికి. మీ బండిని ఎవరైన ముచ్చటపడి ఎత్తు పెంచియున్నచో, పంగలు వరుసలోనున్నను క్రాసుల వంపుల సమానత్వము చెడియుండవచ్చును. ఆ సంగతి మేస్త్రీకి ముందుగనే చెప్పుడు. వణకు హఠాత్తుగా వచ్చినచో ఈ పరిశోధనలేవియు వలదు. బండిని ప్రక్కకు నిలిపి చక్రముల నట్లు వదులైనవేమో, టైరు ప్రక్కన బుడిపె లేచినదేమో చూడుడు. గుంత తగిలినంతనే స్టీరింగు చేతిలో నిలువక ఇటునటు కొట్టుకొనుట వేరొక వ్యాధి. ముందు ఇరుసు ఒకే కడ్డీగానుండు జీపులందు ఇది కానవచ్చును. ముందు కీళ్ల వదులు దీనికి తరచు కారణము. అట్టిచో మెల్లగా వేగము తగ్గించి బండి నిలుపుడు. ఆ కీళ్లు చూపించి బాగుచేయించువరకు పిల్లలను కూర్చుండబెట్టుకొని రహదారి యెక్కకుడు.

మీది ఈ రెండును కానిచో, నాలుగవ మేస్త్రీకడకు పోకముందు ఒక కాగితమున వ్రాసికొనుడు: ఏ వేగమున మొదలగునో, ఏ వేగమున హెచ్చునో, స్టీరింగున తెలియునో సీటున తెలియునో, ఊపో నాదమో, గేరు మార్చినప్పుడు మారునో లేదో, అది మొదలగుటకు ముందు బండికి ఏ పని చేయించితిరో. నడుపువారు వేరు, వ్రాయువారు వేరుగా నుండవలయును. మేస్త్రీని ఒకమారు ఒక్కటే మార్చనిండు. రెండు కలిపి మార్చినచో ఏది గుణమిచ్చెనో అతనికిని తెలియదు, మీకును తెలియదు. ఆ కాగితపు నకలు మాకును పంపుడు. మీ వెనుక సీటున కూర్చుండువారెవరో, వారేమనుచున్నారో, అదియు వ్రాయుడు.